మౌనం అర్ధాంగీకారం కాదు

(ఐర్లండులోని లిమరిక్‌లో తెలుగు కుటుంబాల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

పులిహోర, గోంగూర పచ్చడి వడ్డించిన వెంటనే ఉపన్యాసం పెట్టడం నిర్వాహకుల సాహసమే. మీలో ఎవరైనా కళ్ళు మూసుకుంటే నేనేమీ అనుకోను. నేను ఇవాళ చెప్పబోయే మొదటి మాటే అది. ఎదుటి మనిషి మౌనంగా ఉన్నాడంటే దానికి పది కారణాలుండవచ్చు. వాటిలో మనకు తోచేది ఒక్కటే, అదీ నిజం కాకపోవచ్చు.

"ఆఫీసులో టీము కట్టేటప్పుడు రకరకాల మనుషుల స్వభావాలను అర్థం చేసుకోవడం ఎలా?" అన్నది నాకిచ్చిన విషయం. నేను మనస్తత్వ శాస్త్రం చదివినవాణ్ణి కాను. చదివింది ఇంజనీరింగు, చేసేది సాఫ్టువేరు. కాకపోతే చాలా ఏళ్ళుగా టీముల్లో ఒకడిగాను, కొన్నేళ్ళుగా టీము లీడుగాను ఉంటున్నాను కాబట్టి, చూసింది, చదివింది కలిపి మీ ముందు పెడతాను.

ముందుగా మనం ఉంటున్న ఊరి సంగతి. 1972లో చిన్న సంస్థగా మొదలైన ఇక్కడి కాలేజీ 1989లో లిమరిక్ యూనివర్సిటీ అయింది. 1976లో అనలాగ్ డివైసెస్ వారు ఇక్కడికి వచ్చారు. 1991లో డెల్ వచ్చింది. 2009 జనవరిలో డెల్ తన కంప్యూటర్ల తయారీని పోలండుకు తరలిస్తున్నామని ప్రకటించినప్పుడు సుమారు 1,900 ఉద్యోగాలు పోయాయి. ఆ మాట ఎత్తితే ఇక్కడి పెద్దవాళ్ళు ఇప్పటికీ ఒక్క క్షణం ఆగుతారు. ఊరు మళ్ళీ నిలదొక్కుకుంది కానీ, పని తీరు మారింది. అసెంబ్లీ లైను మీద పక్కవాడి స్వభావం మీకు తెలియకపోయినా పెట్టె ముందుకు కదులుతుంది. సాఫ్టువేరులో, డిజైనులో అలా కుదరదు. ఒకరి తలలో ఉన్నది ఇంకొకరి తలలోకి చేరితేనే పని జరుగుతుంది. ఆ చేరే దారిలో స్వభావాలు అడ్డం వస్తాయి. మా ఆఫీసులో ఒకే బల్ల చుట్టూ ఐరిష్ వాళ్ళు, పోలండు వాళ్ళు, బ్రెజిల్ వాళ్ళు, మనవాళ్ళు కూర్చుంటాం. మీ ఆఫీసుల్లోనూ ఇంతేనని నాకు తెలుసు.

విరాటుడి కొలువులో ఉద్యోగాలు

మనుషులను స్వభావాన్ని బట్టి పనిలో పెట్టడం అమెరికా వాళ్ళు కనిపెట్టిన విద్య అని మనలో కొందరు అనుకుంటారు. తిక్కన గారు తెలుగు చేసిన విరాటపర్వం గుర్తు చేసుకోండి. అజ్ఞాతవాసానికి ముందు ధర్మరాజు ఏం చేశాడు? తమ్ముళ్ళకు పనులు తానే పంచి పారేయలేదు. నువ్వేం చేయగలవు, ఏ రూపంలో ఉండగలవు అని అడిగాడు. తాను కంకుభట్టుగా రాజుకు జూదంలో, మాటల్లో తోడయ్యాడు. తిండి మీద, కండ మీద మక్కువ ఉన్న భీముడు వలలుడై వంటశాలలో చేరాడు. అర్జునుడు బృహన్నలగా నాట్యం నేర్పాడు. నకులుడు గుర్రాల దగ్గర, సహదేవుడు ఆవుల దగ్గర కుదిరారు. ద్రౌపది సైరంధ్రి అయింది.

ఇందులో మనం గమనించాల్సినవి రెండున్నాయి. మొదటిది, నాయకుడు అడిగాడు, వాళ్ళు చెప్పారు. రెండోది ఇంకా ముఖ్యం. అర్జునుణ్ణి అంతఃపురంలో చూసిన హెచ్.ఆర్. మేనేజరు ఎవరైనా "కళాకారుడు, సౌమ్యుడు, ఒత్తిడి ఉన్న పనికి తగడు" అని ఫైలులో రాసి ఉండేవాడు. అదే కొలువులో ఉత్తర కుమారుడి గురించి "ఆత్మవిశ్వాసం మెండు, సహజ నాయకుడు" అని రాసేవాడు. అంతఃపురంలో ఆడవాళ్ళ ముందు ఎంత గట్టిగా మాట్లాడాడు! తీరా కౌరవ సేన కనిపించేసరికి రథం దిగి పరుగెత్తింది ఎవరో, మర్నాటికి మిగిలిన పేరు ఎవరిదో మీకందరికీ తెలుసు. గొంతు వేరు, సత్తా వేరు. ఈ కథ వింటూ పెరిగిన మనమే ఆఫీసులో గొంతును చూసి సత్తా అనుకుంటూ ఉంటాం.

పరీక్షలు, పెట్టెలు

ఇప్పుడు పడమటి దేశాల లెక్కకు వద్దాం. 1921లో స్విట్జర్లాండుకు చెందిన కార్ల్ యూంగ్ మనస్తత్వ రకాల మీద పుస్తకం రాశారు. అంతర్ముఖులు, బహిర్ముఖులు అన్న మాటలు జనంలోకి వచ్చింది అక్కడి నుంచే. ఆయన ఆలోచనలను పట్టుకుని అమెరికాలో కేథరిన్ బ్రిగ్స్, ఆమె కూతురు ఇసబెల్ మయర్స్ రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో ఒక ప్రశ్నావళి తయారు చేశారు. అదే మీ కంపెనీల్లో చాలామంది రాసి ఉండే మయర్స్-బ్రిగ్స్ పరీక్ష. మనుషులను 16 రకాలుగా విడగొడుతుంది. నాలుగు అక్షరాలు ఇస్తుంది. ఇంటికి వచ్చి ఆ అక్షరాలు శ్రీమతికి చెబితే, ఇది నేను పెళ్ళైన వారానికే కనిపెట్టాను కదా అంటుంది.

ఈ పరీక్ష సరదాగా ఉంటుంది, నలుగురు కూర్చుని తమ గురించి మాట్లాడుకోవడానికి ఒక సాకు ఇస్తుంది. అంతవరకు మంచిదే. చిక్కు ఎక్కడంటే, కొన్ని వారాల తర్వాత మళ్ళీ రాస్తే చాలామందికి వేరే రకం వస్తుంది. కారణం సులభం. ఎత్తును బట్టి మనుషులను పొడుగు, పొట్టి అని రెండు పెట్టెల్లో వేయమంటే, ఎక్కువమంది మధ్య ఎత్తు వాళ్ళే కాబట్టి గీతకు అటూ ఇటూ పడుతుంటారు. స్వభావమూ అంతే. ఉద్యోగంలోకి తీసుకోవడానికి ఈ పరీక్ష వాడవద్దని దాన్ని అమ్మే సంస్థే చెబుతుంది.

పరిశోధకులు ఎక్కువగా నమ్మేది ఐదు గుణాల కొలత. కొత్తదనం మీద ఆసక్తి, పద్ధతిగా పని పూర్తి చేసే గుణం, బహిర్ముఖత్వం, నలుగురితో సర్దుకుపోయే గుణం, ఆందోళన పడే తత్వం. వీటిలో పెట్టెలు లేవు, ప్రతి మనిషికీ ప్రతి గుణమూ ఎంతో కొంత ఉంటుంది. 1991లో బారిక్, మౌంట్ అనే ఇద్దరు పరిశోధకులు అంతకు ముందు జరిగిన చాలా అధ్యయనాలను కలిపి చూశారు. దాదాపు అన్ని రకాల ఉద్యోగాల్లోనూ పనితనంతో ముడిపడి కనిపించింది ఆ రెండో గుణం, అంటే పట్టిన పని పద్ధతిగా పూర్తి చేయడం. బాగా మాట్లాడే గుణం సేల్సు, మేనేజిమెంటు వంటి కొన్నిటిలోనే లెక్కకు వచ్చింది. ఇంటర్వ్యూలో మాత్రం మనం మొదట మార్కులు వేసేది మాటకే.

ఇక టీము సంగతి. ఇంగ్లండులో మెరిడిత్ బెల్బిన్ అనే ఆయన మేనేజర్లను జట్లుగా చేసి పోటీలు పెట్టి ఏళ్ళ తరబడి గమనించి 1981లో పుస్తకం రాశారు. తెలివైనవాళ్ళందరినీ ఏరి ఒకే జట్టులో వేస్తే అది గెలుస్తుందని ఆయన మొదట అనుకున్నారు. ఆ జట్లు చాలాసార్లు వెనకబడ్డాయి. ఎంసెట్ ర్యాంకర్లు నలుగురిని ఒక గదిలో పెట్టి చూసినవాళ్ళకు ఇది వింతగా ఉండదు. ప్రతివాడూ పక్కవాడి వాదనలో తప్పు పట్టడంలోనే పొద్దు గడుపుతాడు, పని చేసేవాడు ఉండడు. కొత్త ఊహ తెచ్చేవాడు, దాన్ని తూచి చూసేవాడు, బయటినుంచి సమాచారం తెచ్చేవాడు, మనుషుల్ని కలిపి ఉంచేవాడు, చివరి నట్టు బిగించే దాకా నిద్రపోనివాడు, ఇలా పాత్రలు కలవాలని బెల్బిన్ చెప్పారు. ఇక్కడ ఆయన మాట్లాడింది పాత్ర గురించి. పాత్ర మార్చుకోవచ్చు. ముద్ర పడితే పోదు.

స్వభావమా, మొహమాటమా?

ఇంతవరకు పుస్తకాల్లో ఉన్నది. మనబోటి వలస వచ్చినవాళ్ళ విషయంలో ఇంకొక మెలిక ఉంది, నేను ఇవాళ ముఖ్యంగా చెప్పదలచుకున్నది అదే. పరాయి దేశపు ఆఫీసులో స్వభావంలా కనిపించేది చాలాసార్లు స్వభావం కాదు. అది పెంపకం, భాష, భయం.

గీర్ట్ హాఫ్‌స్టెడ్ అనే డచ్ పరిశోధకుడు ఐ.బి.ఎం. ఉద్యోగులను చాలా దేశాల్లో ప్రశ్నించి 1980లో ఒక పుస్తకం వెలువరించారు. పైవాడికీ కిందివాడికీ మధ్య దూరాన్ని జనం ఎంత సహజంగా ఒప్పుకుంటారో దానికి ఒక కొలత పెట్టారు. అందులో భారతదేశానికి 77, ఐర్లండుకు 28. సగటులు ఏ ఒక్క మనిషికీ అతకవు. అయినా ఆ తేడా మీటింగు గదిలో కూర్చున్న ప్రతివాళ్ళకూ తెలుస్తుంది. ఇక్కడ మేనేజరును పేరు పెట్టి పిలుస్తారు, ఆయన చెప్పినదాన్ని నవ్వుతూ కొట్టిపారేస్తారు. మనం "పెద్దవాళ్ళు మాట్లాడుతుంటే మధ్యలో దూరకు" అని పెరిగాం. మన "అలాగేనండీ"కి అర్థం "విన్నాను" అని. ఎదుటివారికి వినిపించేది "ఒప్పుకున్నాను" అని. మన "చూద్దాం"లో సగం పాళ్ళు కాదనే.

ఐరిష్ వాళ్ళూ తక్కువ తినలేదు. వాళ్ళ "గ్రాండ్" అన్న మాటకు బాగుంది, పరవాలేదు, ఇక చాలించు అని మూడు అర్థాలున్నాయి, గొంతు పట్టి తెలుసుకోవాలి. బాగా నచ్చిన దాన్ని "నాట్ టూ బ్యాడ్" అంటారు. మన మొహమాటానికి వాళ్ళ మొహమాటం దూరపు చుట్టం. ఈ రెండు మొహమాటాల మధ్య సూటిగా మాట్లాడే పోలండు ఇంజనీరు కూర్చుంటే, అతనికి "కోపిష్టి" అని పేరు. అతను కోపిష్టి కాడు. అతని భాషలో అది మర్యాదే.

ఒక కుర్రవాడి సంగతి చెబుతాను. ఊరూ పేరూ వద్దు, కంపెనీ పేరు అసలే వద్దు. ఏడాది చివర రివ్యూలో అతనికి "ఇంట్రావర్టు, నాయకత్వ లక్షణాలు కనబడవు" అని రాశారు. ప్రమోషను పోయింది. ఆ కుర్రవాడే ఉగాదికి మన పిల్లలందరితో నాటకం వేయించి, మూడు గంటలు మైకు వదలకుండా సభను నవ్వించాడు. మరి ఇంట్రావర్టు ఎక్కడ? అతనితో కూర్చుని మాట్లాడితే తేలింది ఇది. వారం వారం మీటింగు ఫోనులో జరుగుతుంది, ఆరు దేశాల యాసలు. అతను వాక్యం కూర్చుకునేసరికి మాట ఇంకో అంశానికి వెళ్ళిపోతుంది. మధ్యలో దూరడం చేతకాదు. పైగా వర్క్ పర్మిట్ ఆ కంపెనీతోనే ముడిపడి ఉంది, ఇంట్లో నెలల పాప. నోరు జారితే ఏమవుతుందో అన్న లెక్క ప్రతి వాక్యానికి ముందు నడుస్తుంది. ఈ లెక్కను స్వభావమని ఫైలులో రాశారు.

తర్వాత వచ్చిన మేనేజరు గొప్ప పని ఏమీ చేయలేదు. మీటింగులో చర్చించబోయే ప్రశ్నలు ముందురోజే రాసి పంపడం మొదలుపెట్టింది, జవాబులు కూడా రాసి పంపమంది. ఈ కుర్రవాడి దగ్గరనుంచి రెండు పేజీలు వచ్చాయి. డేటాబేసు మార్పిడిలో ఒక దశ మధ్యలో ఆగిపోతే కస్టమర్ల రికార్డులు రెండేసి పడతాయని అందులో ఉంది. అదే సంగతి అతనికి రెండు నెలలుగా తెలుసు. ఎవరూ అడగలేదు, అతను చెప్పలేదు.

చెప్పని మాట ఖరీదు

ఆ కుర్రవాడి కథలో పోయింది ఒక ప్రమోషను. కొన్నిచోట్ల అంతకంటే ఎక్కువే పోతుంది. 2003 జనవరి 16న కొలంబియా నౌక బయలుదేరింది. అందులో మన కల్పనా చావ్లా ఉన్నారు. బయలుదేరిన 82 సెకన్లకు ఇంధనపు ట్యాంకు నుంచి ఊడిన నురుగు ముక్క ఎడమ రెక్కకు తగిలింది. దెబ్బ ఎంతో తెలుసుకోవడానికి రెక్కను ఫొటోలు తీయించాలని కింది స్థాయి ఇంజనీర్లు అడిగారు. ఆ కోరికలు పైకి వెళ్ళే దారిలో ఆగిపోయాయి. రాడ్నీ రోచా అనే ఇంజనీరు ఇది పొరపాటు అని ఘాటుగా ఒక ఈ-మెయిలు రాసుకున్నారు. పైవాళ్ళను దాటి వెళ్ళడం ఇష్టంలేక పంపలేదు. ఫిబ్రవరి 1న తిరిగి వస్తూ నౌక ముక్కలైంది, ఏడుగురూ పోయారు.

ఫొటోలు తీసి ఉంటే వాళ్ళను కాపాడగలిగేవారా అన్నది వేరే చర్చ. ఆ ఏడాది ఆగస్టులో వచ్చిన విచారణ నివేదిక మాత్రం, నురుగు ముక్క ఎంత కారణమో ఆ సంస్థలోని పని సంస్కృతి కూడా అంతే కారణమని తేల్చింది. రోచా గారు పిరికివారు కారు, అంతర్ముఖులో బహిర్ముఖులో నాకు తెలియనక్కర్లేదు. ఆయన పట్టుదలగా అడిగారు, ఒకచోట ఆగారు. మనిషి ఏ రకమైనా సరే, తెలిసిన మాట బల్ల మీదికి రావడానికి దారి ఉందా లేదా అన్నదే ప్రశ్న.

మనలో డాక్టర్లు, నర్సులు ఉన్నారు కాబట్టి ఇంకొకటి చెబుతాను. ఏమీ ఎడ్మండ్‌సన్ అనే పరిశోధకురాలు 1990లలో ఆసుపత్రి టీముల్లో మందుల పొరపాట్లను లెక్కించారు. మంచి నాయకత్వం ఉన్న వార్డుల్లో పొరపాట్లు తక్కువ ఉంటాయనుకుంటే, ఎక్కువ తేలాయి. తర్వాత అర్థమైందేమిటంటే, ఆ వార్డుల్లో పొరపాటు జరిగితే నర్సులు భయపడకుండా చెబుతున్నారు. మిగతా చోట్ల దాస్తున్నారు. 2012లో గూగుల్ వాళ్ళు తమ టీములు సుమారు 180 తీసుకుని ఏ టీము ఎందుకు బాగుంటుందో చూడటం మొదలుపెట్టారు. ఎలాంటి స్వభావాలు కలిపితే మంచి టీము అవుతుందో ఒక సూత్రం దొరుకుతుందని ఆశ. దొరకలేదు. టీములో ఎవరున్నారన్నదాని కంటే, వాళ్ళు ఒకరితో ఒకరు ఎలా మెలుగుతున్నారు, మాట అంటే నవ్వులపాలు కానన్న ధైర్యం ఉందా అన్నదే ఎక్కువ లెక్కకు వచ్చింది.

ఆ ధైర్యం పైనుంచి రావాలి. మన శ్రీహరికోటలోనే ఉదాహరణ ఉంది. 1979 ఆగస్టు 10న ఎస్.ఎల్.వి.-3 మొదటి ప్రయోగం విఫలమైంది. ప్రాజెక్టు డైరెక్టరు కలాం గారు. పత్రికలవాళ్ళ ముందుకు వెళ్ళి బాధ్యత తన మీద వేసుకున్నది ఛైర్మన్ సతీష్ ధవన్ గారు. 1980 జులై 18న ప్రయోగం నెగ్గినప్పుడు ధవన్ గారు వెనక ఉండి, కలాం గారిని మాట్లాడమన్నారు. కలాం గారు ఈ సంగతి జీవితాంతం చెప్పుకున్నారు. అలాంటి పైవాడు ఉన్నచోట నెమ్మదిగా మాట్లాడేవాళ్ళకు కూడా నోరు లేస్తుంది.

మరి ఏం చేయాలి?

మీలో చాలామంది ఇప్పుడు లీడులు, మేనేజర్లు. అందుకని చేతనైన నాలుగు పనులు చెబుతాను. ఖర్చు లేనివి.

మొదటిది, ప్రశ్నలు ముందురోజే పంపండి. మాట్లాడుతూ ఆలోచించేవాళ్ళు కొందరు, ఆలోచించాక మాట్లాడేవాళ్ళు కొందరు. అప్పటికప్పుడు అడిగితే ఎప్పుడూ మొదటి రకానిదే గెలుపు. ముందురోజు పంపితే ఇద్దరూ సమానం.

రెండోది, అడిగాక ఆగండి. ఇది మన ఊరు ఎప్పుడో నేర్చుకున్న విద్య. థామండ్ పార్కుకు రగ్బీ చూడటానికి వెళ్ళినవాళ్ళకు తెలుసు. పెనాల్టీ కొట్టడానికి ఆటగాడు బంతి నిలబెట్టగానే, వేలమంది జనం చీమ చిటుక్కుమంటే వినబడేంత నిశ్శబ్దం అయిపోతారు. మునస్టర్ ఆటగాడికే కాదు, ఎదుటి జట్టువాడికి కూడా అదే నిశ్శబ్దం ఇస్తారు. వాడి పని వాణ్ణి చేసుకోనివ్వడం అన్నమాట. మనం మీటింగులో ప్రశ్న వేసి రెండు సెకన్లు కాకముందే "ఎవరికీ అభ్యంతరం లేదు కదా, సరే" అంటాం. పది సెకన్లు ఆగి చూడండి. మొదటిసారి ఇబ్బందిగా ఉంటుంది, మూడోసారికి ఎవరో ఒకరు గొంతు సవరించుకుంటారు.

మూడోది, "అంతా బాగానే ఉందా?" అని అడగకండి. దానికి మనవాళ్ళ జవాబు "బాగానే ఉందండీ", ఐరిష్ వాళ్ళ జవాబు "గ్రాండ్". దాని బదులు "ఇది చెడిపోతే ఎక్కడ చెడిపోతుంది?" అని అడగండి. అప్పుడు తప్పు చెప్పడం ఎదురు చెప్పడం కాదు, అడిగిన దానికి జవాబు చెప్పడం. మొహమాటస్తుడికి అది పెద్ద సౌకర్యం.

నాలుగోది, రకం పేరు పెట్టేముందు మనిషితో విడిగా టీ తాగండి. "నీకు పని ఎలా ఇస్తే హాయిగా ఉంటుంది? నలుగురిలో చెప్పడం ఇష్టమా, రాసి పంపడం ఇష్టమా? నేను చేసే ఏ పని నీకు చిరాకు?" ఈ మూడు ప్రశ్నలు ఏ పరీక్షకూ తీసిపోవు. మా టీములో ప్రతి పొరపాటునూ పట్టే ఒకాయన ఉన్నారు. మొదట అందరూ ఆయన్ను ముళ్ళకంప అనేవారు. విడుదలకు ముందు పరిశీలన బాధ్యత ఆయనకే ఇచ్చాక అదే గుణానికి అందరూ దండం పెడుతున్నారు. మనిషి మారలేదు, చోటు మారింది.

ఈ మాటలు ఆఫీసుకే చెల్లుతాయని అనుకోకండి. లిమరిక్ హర్లింగ్ జట్టు 1973 తర్వాత 45 ఏళ్ళు ఎదురుచూసి 2018లో ఆల్-ఐర్లండ్ గెలిచింది. ఆ తర్వాత 2020 నుంచి 2023 దాకా వరసగా నాలుగేళ్ళు గెలిచింది. జాన్ కీలీ నడిపిన ఆ జట్టుతో కేరొలిన్ కర్రిడ్ అనే మనస్తత్వ నిపుణురాలు పనిచేశారు. గెలుపుకు అదొక్కటే కారణం అనను, కర్ర తిప్పడం రావాలి కదా. అయినా బంతి వెంట పరుగెత్తే పల్లెటూరి రైతుబిడ్డల జట్టే మనసుకు కూడా కోచ్ కావాలని ఒప్పుకుంది. కంప్యూటర్ ముందు కూర్చునే మనకు దానికి నామోషీ ఎందుకు?

మనలో మనమాట

చివరగా మనవాళ్ళకు రెండు మాటలు, ఇంటి మాటలు.

మొదటిది లీడులకు. ఇతరులు మనల్ని "ఇండియన్లు ఇంతే" అంటే మనకు ఒళ్ళు మండుతుంది. మరి కొత్తగా ఒక తెలుగువాడు టీములో చేరగానే మనం వేసే మొదటి ప్రశ్న ఏమిటి? "మీదే ఊరండీ?" ఊరు తెలియగానే మన పరీక్ష ఫలితం సిద్ధం. కోస్తావాళ్ళు ఇలా, సీమవాళ్ళు ఇలా, తెలంగాణవాళ్ళు ఇలా. ఆ తర్వాత ఏ కాలేజీ, ఎవరి తాలూకు. మయర్స్-బ్రిగ్స్ వాళ్ళు కనీసం పదహారు పెట్టెలైనా పెట్టారు. మనం మూడింటితో సరిపెడుతున్నాం. బ్రెజిల్ అమ్మాయి గలగలా మాట్లాడితే పైపై మనిషి అనుకోవడం, ఐరిష్ కుర్రవాడు అయిదింటికి ఇంటికి వెళితే బద్ధకస్తుడు అనుకోవడం కూడా ఇదే జబ్బు. మనకు జరిగింది మనం ఇంకొకరికి చేయకూడదు.

రెండోది కొత్తగా వచ్చిన పిల్లలకు. మీ స్వభావం మార్చుకోమని నేను చెప్పను, కేకలు వేయనక్కర్లేదు. మీకు తెలిసింది మాత్రం మీ దగ్గరే ఉంచుకోకండి. నోటితో చెప్పలేకపోతే రాసి పంపండి. మీటింగులో కుదరకపోతే ముగిసిన పది నిమిషాల్లో రెండు వాక్యాలు పంపండి. "నాకు ఒక అనుమానం ఉంది" అనడం ఎదిరించడం కాదు. మౌనం అర్ధాంగీకారమని మన పెద్దలు పెళ్ళిచూపుల్లో అని ఉంటారు. ఆఫీసులో అది పూర్తి అంగీకారం కింద జమ అవుతుంది. తర్వాత "నాకు ముందే తెలుసు" అంటే ఎవరూ వినరు.

సముద్రం ఒడ్డున వానరులంతా కూర్చుని నేనింత దూకగలను, నేనింత దూకగలను అని లెక్కలు చెప్పుకుంటుంటే, హనుమంతుడు ఒక పక్కన ఊరకే కూర్చున్నాడు. ఆ మూల కూర్చున్నవాడి దగ్గరకు వెళ్ళి, నీవెవరో నీకు తెలుసా అని మాట కదిపినవాడు జాంబవంతుడు. లంకకు దూకింది హనుమంతుడే, అందులో సందేహం లేదు. కానీ ఆ రోజు జాంబవంతుడు కూడా తక్కినవాళ్ళలాగే "ఇతను మాట్లాడడం లేదు, ఇతని వల్ల కాదేమో" అనుకుని ఉంటే కథ అక్కడే ఆగిపోయేది.

సోమవారం మీరు ఆఫీసుకు వెళ్ళగానే మీ టీములో మూల కూర్చునేది ఎవరో ఒకసారి చూడండి. అతన్నో ఆమెనో ఒక ప్రశ్న అడగండి, అడిగి పది సెకన్లు ఆగండి.